రెండో టీచరు

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక భర్త రెండు పాత దుప్పట్లు తెచ్చి ఆమె ఒళ్ళో పడేశాడు. రెండూ కలిపి కుట్టమనీ, పైన తాడు దూరేట్టు మడత పెట్టమనీ, పొద్దున్నకల్లా కావాలనీ చెప్పాడు. ఎందుకని అడిగే అలవాటు ఆ ఇంట్లో ఆమెకి లేదు. అయినా ఆయనే చెప్పాడు, ఏదో ఘనకార్యం చేసినవాడిలా. సోమవారం ఆమె బడికి ఇన్‌స్పెక్షన్ ఉందట. అది ఆమె తరగతి గదికి అడ్డంగా కట్టే పరదా అట.

ఒకటో తరగతిలో ఆమె దగ్గర నలభై మంది పిల్లలు. అక్షరాలు దిద్దించడం దేవుడెరుగు, ముక్కులు తుడిచి తగవులు తీర్చేసరికే గంట కొట్టేసేవారు. చిన్న తరగతుల్లో ఇరవై మందిని మించి కూర్చోబెట్టకూడదనీ, మించితే విడగొట్టి రెండో టీచరుని పెట్టాలనీ, ఆ జీతం తానే ఇస్తాననీ ఆ ఏడు ప్రభుత్వం ప్రకటించింది. ఆ వార్త ఆమె పొయ్యి దగ్గరే నిలబడి రెండుసార్లు చదివింది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. అత్తగారు చీవాట్లు పెట్టినా ఆమెకి ఆ పూట కోపం రాలేదు.

రెండో టీచరు వచ్చింది కూడా. ఎవరో కాదు, ఆమె ఆడపడుచే. పట్టా ఉంది, పనికి వెళ్ళే ఉద్దేశం మాత్రం లేదు. భర్త విద్యాశాఖ ఆఫీసులో ఆ ఫైళ్ళు చూసేవాడే కాబట్టి పోస్టు గడప దాటి పోలేదు. హాజరు పట్టీలో సంతకాలు ఇంట్లోనే వారానికోసారి పడిపోయేవి. హెడ్మాస్టరు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఆమె ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వదిన రోజూ రాకపోతే ఎలా అని నోరు తెరిచింది.

"దానికి పొద్దున్నే లేచి బడికి పరిగెత్తే ఖర్మేమిటి? నువ్వెలాగూ వెళ్తున్నావు కదా," అంది అత్తగారు.

"ఇరవై మందికి చెప్పినా నలభై మందికి చెప్పినా పాఠం ఒకటే, నోరు ఒకటే. నీకేం అరిగిపోతుంది?" అన్నాడు భర్త. ఆ మాటకి ఆడపడుచు కిసుక్కున నవ్వింది.

అరిగిపోయింది. నాలుగు నెలల్లో ఆమె గొంతు బొంగురుపోయింది, ఓర్పు అడుగంటింది. ఇంట్లో మింగిన మాటలన్నీ బడిలో పిల్లల మీద కక్కడం నేర్చుకుంది. అందరికంటే ఎక్కువగా వెనక వరసలో ఒక పిల్ల మీద. ఏమడిగినా ఆ పిల్ల బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేది. ఒకరోజు విసుగెత్తి ఆమే "ఏయ్ రాయీ" అంది. నలభై మందికీ ఆ పేరు మహా నచ్చింది. ఆ తర్వాత ఆ పిల్లని అసలు పేరుతో పిలిచినవాళ్ళు లేరు, టీచరుతో సహా.

సోమవారం పరదా కట్టారు. కొత్త చెప్పులు టకటకలాడించుకుంటూ ఆడపడుచు వచ్చి అటువైపు కూర్చుంది. లెక్క ప్రకారం ఇరవై మందిని అటు పంపించేశారు.

ఇటు ఇరవై మంది మిగిలారు. ఎంత మందో లెక్కపెట్టకుండానే తెలుస్తోంది. ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి చదివించింది. తొమ్మిది మంది గడగడా చదివారు. వాళ్ళకి చదవడం వచ్చని ఆమెకి ఇన్నాళ్ళూ తెలియదు. చివరికి రాయి వంతు వచ్చింది. పక్కన కూర్చోబెట్టుకుని 'పలక' అన్న పదం పలికితే ఆ పిల్ల పుస్తకంలో ఠక్కున వేలు పెట్టి చూపించింది. బోర్డు వైపు తిరిగి ఇంకో పదం పలికింది. ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ మొహం తిప్పి అదే పదం అంటే వెంటనే చూపించింది. ఆమె పుస్తకం నోటికి అడ్డం పెట్టుకుని మెల్లగా, ఆ పిల్ల అసలు పేరుతో పిలిచింది. పిల్ల పుస్తకం అట్ట మీద బొమ్మ చూస్తూ కూర్చుంది.

దానికి వినపడదు. ఇన్నాళ్ళూ తన పెదవులు చూసి బతుకుతోంది. మాట వినడం లేదని ఎన్నిసార్లు మెలిపెట్టిందో ఆ చెవినే. ఆమె ఆ చెవి మీద చెయ్యి వెయ్యబోతే పిల్ల అలవాటుగా భుజాలు ముడుచుకుని కళ్ళు మూసుకుంది.

దాన్ని కనిపెట్టడానికి ఆమెకి ఒక్క పూట పట్టింది. ఆ పూట తనకి మిగల్చాల్సిన మనిషి నాలుగు నెలలుగా ఇంట్లో సోఫా మీద కూర్చుని గోళ్ళు కత్తిరించుకుంటోంది. భర్త మీద, ఆడపడుచు మీద అసహ్యం వేసింది. తన మీద అంతకంటే ఎక్కువ వేసింది, ఎందుకంటే చెయ్యి తనది.

పదకొండింటికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వెనకాలే ఫైలు పట్టుకుని భర్త. ఇన్‌స్పెక్టరు పరదాకి ఇటూ అటూ తల పెట్టి చూసి, తలలు లెక్కపెట్టి, చాలా సంతోషం అన్నాడు. పిల్లలు తక్కువైతే ఎంత హాయో మీ మొహంలోనే తెలుస్తోందమ్మా అని కూడా అన్నాడు. భర్త అందరికంటే ముందు నవ్వాడు. ఈ ఉద్యోగం పోతే ఆయన ఏమవుతాడో, ఆ ఇంట్లో తనకి ఆ పూట అన్నం ఎవరు పెడతారో ఆమెకి బాగా తెలుసు. ఆలోచించడానికి కొంచెం సమయం కావాలనిపించింది. రాయి ఆమె పెదవులకేసి చూస్తోంది.

"ఇబ్బందులేమైనా ఉన్నాయా అమ్మా?" అంటూ ఇన్‌స్పెక్టరు సంతకానికి కలం తీశాడు.

ఆ పిల్లకి కూడా తెలిసేట్టు ఆమె ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది.

"ఇవాళ ఏమీ లేవండి, మా ఆడపడుచు వచ్చింది కదా. రేపు రండి."