పెట్టుబడులకు కప్పిన శాలువా

నేను ఒక శాలువాను. సభల్లో పట్టు శాలువా అని చెబుతారు గాని, నాలో పట్టు పోగు ఒక్కటీ లేదు. మరమగ్గం మీద పుట్టి, టోకు బేరంలో గోదావరి జిల్లాల్లోని ఒక పట్టణం చేరాను. నన్ను కొన్నది అక్కడి వర్తక వాణిజ్య మండలి. విదేశీ వ్యాపారాన్నీ, పెట్టుబడులనూ ఆకర్షించడం వాళ్ల ఆశయం. ఆకర్షించడానికి వాళ్ల దగ్గర ఉన్న సరంజామా నేనే.

విదేశీ బృందం రాగానే దీపం వెలిగిస్తారు. అధ్యక్షులు కొండేపూడి భీమశంకరం గారు నన్ను అతిథికి కప్పి, ఫోటో పడేదాకా వదలరు. ఉక్క భరించలేక అతిథి నన్ను కుర్చీకి తగిలించి వెళ్లిపోతాడు. గుమస్తా సూర్యారావు నన్ను దులిపి, మళ్లీ అదే కవరులో పెడతాడు. కొరియా, జర్మనీ, దుబాయి భుజాలన్నీ అలా చూశాను. మర్నాడు పేపర్లో పెట్టుబడుల వెల్లువ అని పడుతుంది. ఆ వార్త చూసుకుని మండలివాళ్లు ఒకరినొకరు అభినందించుకుంటారు.

ఒకసారి నెదర్లాండ్స్ నుంచి హెండ్రిక్ అనే ఆయన వచ్చాడు. వాళ్ల దేశంలో టమాటా మొక్కలు పెంచడానికి కొబ్బరి పొట్టు దిమ్మలు కావాలట. కోనసీమలో గెద్దాడ సత్యవేణి సరిగ్గా అవే తయారుచేస్తోంది. ఆ నెలలో ఆర్డరు దొరక్కపోతే ఆవిడ ఫ్యాక్టరీ మూసుకోవలసిందే. ఆయనతో ఐదు నిమిషాలు మాట్లాడించమని బతిమాలితే మండలివాళ్లు సరేనన్నారు. పాపం, ఒక దిమ్మ ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది.

వేదిక మీద చూస్తే పూర్వాధ్యక్షులు, ఉపాధ్యక్షులు, కార్యదర్శులు. ఒకరు కప్పి ఇంకొకరు కప్పకపోతే అలకలు. ఉన్నదేమో నేనొక్కదాన్నే. అందుకని ఒకరు కప్పగానే సూర్యారావు వెనక నుంచి నన్ను లాగి, తర్వాతివారి చేతికి అందించాడు. మధ్యలో హెండ్రిక్, కొబ్బరి పొట్టు చేసేవాళ్లు ఎవరైనా వచ్చారా అని అడిగాడు. భీమశంకరం గారు నవ్వి, మండలి చరిత్ర అందుకున్నారు. సత్యవేణి లేచి నిలబడింది.

“కూర్చోమ్మా, ముందు సన్మానం కానీ. వ్యాపారం ఎక్కడికి పోద్ది?” అన్నారాయన.

వ్యాపారం విమానాశ్రయానికి పోయింది. సన్మానం ముగిసేసరికి విమానం వేళయి, హెండ్రిక్ భోజనం కూడా చేయకుండా కారెక్కాడు. ఆవిడ పరుగెత్తుకెళ్లి దిమ్మ అందించబోతే, జ్ఞాపిక అనుకుని భీమశంకరం గారే పుచ్చుకుని ఫోటో దిగారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఫ్యాక్టరీ మూతపడింది. మరుసటి ఏడు మహిళా దినోత్సవానికి మండలివాళ్లకు ఎగుమతులు చేసే మహిళ ఒకరు కావలసివచ్చింది. ఎవరూ దొరక్క సత్యవేణిని పిలిచి నన్ను కప్పారు. అక్కడి పద్ధతి తెలియక ఆవిడ నన్ను ఇంటికి పట్టుకుపోయి, ఆగిపోయిన పొట్టు యంత్రం మీద దుమ్ము పడకుండా వేసింది. నా బతుక్కి పని దొరికింది అక్కడే.

నిన్న పాత ఇనుము కొనేవాళ్లు ఆ యంత్రాన్ని లారీ ఎక్కించారు. నేను నేల మీద పడి ఉండగా సూర్యారావు వచ్చాడు. జపాను బృందం వస్తోందని, శాలువా కావాలని నసిగాడు.

సత్యవేణి నన్ను తీసి అతని చేతిలో పెట్టింది. “పట్టుకెళ్లండి. ఆళ్లు ఏవన్నా కొంటామంటే మాత్రం, ఇక్కడ అమ్మడానికి ఏవీ మిగల్లేదని చెప్పండి,” అంది.

సూర్యారావు తలూపాడు గాని, చెప్పడు. చెప్పాలన్నా, సన్మానాలయ్యేసరికి వినడానికి అతిథులకు టైముండదు.