పరగడుపు కాయం

లింగన్న ఆ రోజు నోరు మూసుకొని ఉంటే తన బతుకు ఇట్లా అయ్యేది కాదని పిల్లప్ప ఎనిమిదేళ్ళుగా చెబుతున్నాడు. మడివాళ మార్కెట్లో అతడు కొత్తిమీర, పుదీన కట్టలు పేర్చుకొని కూర్చుంటాడు. పక్కనే నిమ్మకాయలు అమ్మే మస్తాన్‌కు ఆ కథ నోటికి వచ్చేసింది. పెండ్లాం అన్న కదా అని మాట విన్నందుకు నెత్తిన కాలు పెట్టి ఎక్కినాడని మొదలవుతుంది ఆ కథ. మస్తాన్ నిమ్మకాయలు తుడుస్తూ ఊఁ కొడతాడు. అయితే చెప్పిన ప్రతిసారీ పిల్లప్ప అందులో ఒక ముక్క మింగేస్తాడు.

తొంభై ఎనిమిదిలో సంగతి ఇది. పెళ్ళయిన మూడేళ్ళకు పిల్లప్ప పెండ్లాం మునిరత్న కడుపుతో ఉంది. ఏడో నెలలో రక్తం చూసి, ఒంట్లో చక్కెర ఎక్కువగా ఉందని లేడీ డాక్టరు చెప్పింది. ఆమె కన్నడం ఆమెది, పిల్లప్ప తెలుగు పిల్లప్పది. అయినా మాట మాత్రం స్పష్టంగానే అర్థమైంది.

"ఇది గర్భంతో వచ్చిన చక్కెరప్పా. చాలామందికి కాన్పుతోనే పోతాది. అందరికీ పోతాదని చెప్పను. ఆరు వారాలకు మళ్ళా రక్తం చూపించాల."

పిల్లప్ప చెవిలో 'పోతాది' అన్న మాట ఒక్కటే దిగింది. మిగతాది బస్సు ఎక్కేలోపే మరిచిపోయాడు. ఐదో తరగతిలో బడి వదిలిన మనిషికి డాక్టరు ఒక మాట చెబితే అది రిజిస్టరు చేసిన పత్రం లాంటిది.

ఆడపిల్ల పుట్టింది. అర్పిత అని పేరు పెట్టారు. తల్లీ బిడ్డా కె.ఆర్.పురంలో పుట్టింటికి చేరారు. మునిరత్న తల్లి భాగీరథమ్మ చేతి పథ్యం అంటే ఆ వీధిలో పేరు. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము వేయించి దంచి, పాత బెల్లం పాకంలో నెయ్యి పోసి ఉడికించి, నిమ్మకాయంత ఉండలు చేసి జాడీలో పెట్టింది. తెల్లవారి పళ్ళు తోమగానే, కాఫీ కన్నా ముందు, బాలింత నోట్లో ఒక కాయం ఉండ పడాలి. పరగడుపున తింటేనే నడుము గట్టిపడుతుంది, పాలు పడతాయి. అది తిండి కాదు, మందు.

ఆరో వారం రక్తం ఇవ్వడానికి వెళ్ళారు. రాత్రి తిన్న తరువాత ఏమీ తినకుండా పరగడుపున రావాలని ల్యాబులో ముందే చెప్పి ఉన్నారు. పిల్లప్ప మార్కెట్టు మానుకొని చీకటితోనే వచ్చాడు. కూతురు గడప దాటుతుంటే భాగీరథమ్మ ఎప్పటిలాగే ఉండ తెచ్చి నోట్లో పెట్టింది. మునిరత్న నమిలి మింగి, చెంగుతో మూతి తుడుచుకుంది. పిల్లప్ప కళ్ళెదుటే జరిగింది. అతడికి ఏమీ తోచలేదు. ఎవరికి తోస్తుంది?

"ఏమన్నా తినొచ్చినారా?" అని ల్యాబులో అమ్మాయి అడిగింది.

"కాఫీ నీళ్ళు కూడా ముట్టలేదమ్మా," అన్నాడు పిల్లప్ప గర్వంగా.

చీటీలో రెండు వందల ముప్పై ఎనిమిది వచ్చింది. లేడీ డాక్టరు అది చూసి పెదవి విరిచి, చక్కెర జబ్బులు చూసే పెద్ద డాక్టరు దగ్గరికి పంపింది. ఆయన మునిరత్నను ఎగాదిగా చూశాడు. ఇరవై నాలుగేళ్ళు, సన్నటి మనిషి, తల్లికీ తండ్రికీ ఆ జబ్బు లేదు.

"ఇందులో రకాలున్నాయి," అన్నాడాయన. "సూది లేకపోతే బతకలేని రకం ఒకటి. మాత్రలతో నడిచే రకం ఒకటి. ఈమెది ఏదని ఇప్పుడే చెప్పలేను. బిడ్డకు పాలిస్తున్నది కాబట్టి ప్రస్తుతానికి సూది వేద్దాం."

"మరి కాన్పుతో పోయే రకం అన్నారు కదా సార్?"

"పోలేదు కదా."

కె.ఆర్.పురంలో చిన్న డాక్టరు ఒకడున్నాడు. అతడు ఆ చీటీ చూసి, పెద్ద డాక్టరు తొందరపడ్డాడని, పథ్యం చేస్తే మాత్రలతోనే సరిపోతుందని అన్నాడు. ఇద్దరూ చదివినవాళ్ళే, ఇద్దరివీ తెల్లకోట్లే. పిల్లప్ప బస్సులో కిటికీకి తల ఆనించి ఆలోచించాడు. కళ్ళు మూసుకొని వాసన చూసి ఏది కొత్తిమీరో ఏది పుదీనో తాను చెప్పగలడు. ఇన్నేళ్ళు చదివినవాళ్ళకు ఒక మనిషి రక్తం ఏ రకమో తెలియదా?

సూదే మొదలుపెట్టారు. సిరంజి మీద కొలత పొద్దున ఇన్ని గీతలు, సాయంత్రం ఇన్ని గీతలు. ఇంట్లో ఫ్రిజ్జు లేదు. చిన్న మట్టికుండలో నీళ్ళు పోసి, మందు సీసాను తడవకుండా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అందులో తేలేశారు. సూది చూస్తేనే పిల్లప్ప మొహం తిప్పుకునేవాడు. మునిరత్నే నేర్చుకొని తొడకు పొడుచుకునేది. "నువ్వు అట్లా తిరుక్కో అప్పా, నువ్వు పడిపోతే నిన్నెవరు లేపేది," అనేది.

రెండు వారాలకు మళ్ళీ రక్తం ఇచ్చారు. ఆ రోజూ గడప దగ్గర ఉండ పడింది. రెండు వందల పైనే వచ్చింది. పెద్ద డాక్టరు గీతలు పెంచాడు.

మూడో నెల నిండాక జాడీ ఖాళీ అయింది. నాలుగు రోజులకు, పొద్దున సూది వేసుకొని బట్టలు ఉతుకుతున్న మునిరత్న బండ పక్కనే కూలబడింది. ఒళ్ళంతా చెమట, చేతులు వణుకుతున్నాయి, పిలిస్తే గుడ్లప్పగించి చూస్తోంది. పిల్లప్ప ఆ రోజు అక్కడే ఉన్నాడు. ఏం చేయాలో తెలియక ఆమె తల పట్టుకొని కూర్చున్నాడు. స్టేషను దగ్గర చిల్లర అంగడి నడిపే లింగన్న పరుగున వచ్చి, గ్లాసులో పిడికెడు చక్కెర కలిపి చెల్లెలి నోట్లో పోశాడు. పావుగంటలో ఆమె లేచి కూర్చొని, పాప ఏడుస్తోందా అని అడిగింది.

లింగన్న గ్లాసు పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు.

"ఏమప్పా పిల్లప్పా, చక్కెర జబ్బు మనిషి చక్కెర నీళ్ళు తాగి లేచి కూర్చునిందే. ఇది యాడ జబ్బప్పా?"

పిల్లప్ప తువ్వాలుతో మునిరత్న చెమట తుడిచాడు.

"కాయం అయిపోయినప్పటినుంచే నీరసంగా ఉండాది," అంది భాగీరథమ్మ. "ఇంకొక జాడీ చేస్తానంటే వద్దనింది."

"కాయమా? రక్తం ఇచ్చే దినం కూడా పెట్టినావా?"

"పెట్టకుండా? పరగడుపున తినేదే కదరా అది."

లింగన్న అరుగు మీద కూలబడి పొట్ట పట్టుకొని నవ్వాడు. "బెల్లం తినిపోయి రక్తం ఇస్తే చక్కెర రాక ఉప్పు వస్తాదా? మా అమ్మ నోట్లో పెట్టేది, డాక్టరు సూది పెంచేది. నడిమధ్య నా చెల్లెలు."

నవ్వులాటగా అన్నా, ఆ మాట పిల్లప్ప గుండెలో దీపం పెట్టినట్టయింది. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. భాగీరథమ్మ ఒక్కతే, "నా కాయం తిని ఎవురికీ ఏమీ కాలా. నలుగురిని కన్నాను," అని గొణుక్కుంటూ లోపలికి పోయింది.

ఆ సాయంత్రం అలవాటు ప్రకారం మునిరత్న సూది వేసుకుంది. మర్నాడు పొద్దున నిజంగా ఏమీ తినకుండా పోయి రక్తం ఇచ్చింది. తొంభై ఆరు వచ్చింది. లింగన్న ఆ చీటీని లాటరీ టికెట్టులా వీధంతా చూపించాడు.

"మానేయండప్పా ఆ సూది. జబ్బు లేదు, గిబ్బు లేదు. సూదే మనిషిని పడేస్తా ఉండాది."

"పెద్ద డాక్టరుకు ఈ చీటీ చూపించి ఒక మాట అడుగుదాం," అంది మునిరత్న.

"వాళ్ళను అడిగితే మానమంటారా?" అన్నాడు పిల్లప్ప. "రకం ఏదో చెప్పడానికే చేతకాలా."

పిల్లప్ప మింగేసే ముక్క ఇక్కడుంది. కుండలోంచి డబ్బా తీసింది లింగన్న కాదు. సీసాను వీధి మురుగు మోరీలో పారేసింది లింగన్న కాదు. అది నీళ్ళలో మునిగిపోతుంటే పిల్లప్పే వంగి చూశాడు. ఆ రోజు అతడికి కలిగిన సంతోషం మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

బిడ్డనెత్తుకొని మునిరత్న మడివాళకు వచ్చింది. కొన్నాళ్ళు బాగానే ఉంది. బెల్లం పూర్ణంతో ఒబ్బట్లు చేసింది, తినింది. ఒళ్ళు తగ్గితే, కాన్పయినాక ఇంత నాజూగ్గా ఎట్లా ఉన్నావని పక్కింటివాళ్ళు మెచ్చుకున్నారు. తరువాత బిందె పక్కనే చెంబు పెట్టుకొని నీళ్ళు తాగడం మొదలైంది. ఎండలు కదా అనుకున్నారు. పాలిచ్చే తల్లికి దప్పిక సహజమే అనుకున్నారు. ఒక వారం వాంతులు పట్టుకున్నాయి. పిల్లప్పకు అది మరోలా తోచి, అప్పుడే రెండోదా అని నవ్వాడు కూడా. మూడో రోజు ఆమె ఊపిరి పెద్దగా, లోతుగా తీస్తోంది. నోటి దగ్గర మాగిన పండు వాసన. కూర్చోబెడితే ఒరిగిపోతోంది.

ఆటోలో పెట్టుకొని పెద్దాసుపత్రికి పోయారు. చీటీలో వచ్చిన అంకె చూసి పిల్లప్ప అది తప్పనుకున్నాడు. ఐదు వందలు దాటింది.

"ఏం తినింది ఈమె?" అని డాక్టరునే ఎదురడిగాడు. "కాయం కూడా లేదే ఇప్పుడు."

పదకొండు రోజులు అక్కడే ఉన్నారు. నాలుగు రోజులు అద్దాల గదిలో, చేతికి ఒక గొట్టం, ముక్కుకు ఒక గొట్టం. కట్టాల్సింది కట్టమని రోజూ చీటీ వచ్చేది. పెళ్ళికి ముందు చీటీ పాట పాడుకొని చందాపురలో కొన్న సైటు ఒకటుంది. తన పేరున భూమి మీద ఉన్నది అదొక్కటే. అక్కడ రెండు గదులు వేసి, ముందర పుదీన మడి చేసుకోవాలని పిల్లప్ప ఆశ. లింగన్న ఆసుపత్రి మెట్ల మీదే ఆ మాట ఎత్తాడు.

"బయటోడికి ఎందుకు బావా, నేనే తీసుకుంటా. దుడ్డు ఈ దినమే తెస్తా."

తెచ్చాడు కూడా. అది సాయమో, అదను చూసి కొట్టిన దెబ్బో పిల్లప్పకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. సైటు పత్రం మీద వేలిముద్ర చాలన్నా వినకుండా సంతకమే పెట్టాడు.

ఇంటికి పంపే రోజు, మొదట సూది రాసిన పెద్ద డాక్టరే కూర్చోబెట్టి అడిగితే, పిల్లప్ప కాయం నుంచి మోరీ దాకా అంతా చెప్పాడు. ఆయన కోప్పడలేదు. కళ్ళద్దాలు తీసి ముక్కు నులుముకున్నాడు.

"కాయం వల్ల అంకె పెరిగింది నిజమే. దాన్ని చూసి నేను గీతలు పెంచాను, అది మానేయగానే ఆ సూది ఎక్కువై పడిపోయింది. అదీ నిజమే. కానీ తొంభై ఆరు వచ్చింది ముందురోజు సాయంత్రం వేసుకున్న సూది వల్లప్పా. జబ్బు లేక కాదు."

"అయితే రకం ఏది సార్?"

"పరీక్షకు బొంబాయికి పంపిన రక్తం కూడా అటూ ఇటూ కాకుండా వచ్చింది. కొందరికి కాన్పు సమయంలో బయటపడి మెల్లగా ముదురుతుంది. రెండు మూడేళ్ళు పోతే తెలుస్తుంది. పేరు ఏదైనా కానీ, సూది మాత్రం మానకూడదు."

ఎనిమిదేళ్ళయింది. మధ్యలో ఇంకొక డాక్టరు మాత్రలు కలిపి చూశాడు, మరొకాయన తీసేశాడు. పేరు ఇంకా తేలలేదు. మునిరత్న మాత్రం రోజుకు రెండుసార్లు పొడుచుకొని, కూతురికి జడ వేసి బడికి పంపి, మార్కెట్టుకు మొగుడి అన్నం తెస్తుంది.

మొన్న లింగన్న చందాపురలో ఆ సైటులోనే ఇల్లు కట్టి గృహప్రవేశానికి పిలిచాడు. రానని పిల్లప్ప మొండికేశాడు.

"వాడి మాట విని నీ ప్రాణం మీదికి తెచ్చుకున్నాం. వాడింట్లో కూడు తినేదా?"

మునిరత్న గీతలు చూసుకుంటూ తల ఎత్తలేదు. "మా అన్న చెప్పినాడు. పారేసింది నువ్వు. అడిగి చేద్దామన్నది నేను. అందులో ముగ్గురమూ ఉండాము కదా, పోదాం పద."

వెళ్ళారు. ఇల్లు నిండా చుట్టాలు. పంక్తి కూర్చోకముందు మునిరత్న సూది వేసుకోవడానికి ఒక గదిలోకి పోయి తలుపు వేసుకుంది. పిల్లప్ప బయట కాపలా నిలబడ్డాడు. లింగన్న వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఆ దినం నేను చక్కెర నీళ్ళు పోసింది మంచిదేనా, కాదా బావా? నాకు ఈ దినానికీ తెలీదు."

"మంచిదే అన్నారు డాక్టరు."

"మరి నేను చెప్పింది?"

పిల్లప్ప తిట్టడానికే నోరు తెరిచాడు. మోరీలో మునిగిపోతున్న సీసా కళ్ళ ముందు కదిలింది. తలుపు తెరుచుకొని మునిరత్న చెంగు సర్దుకుంటూ బయటికి వచ్చి, ఆకులు వేస్తున్నారు రండి అంది.

మర్నాడు మార్కెట్లో మస్తాన్ ఆరా తీశాడు. "పోయొచ్చినావంట. ఏమన్నాడు నీ నెత్తిన కాలు పెట్టినోడు?"

పిల్లప్ప కట్టను నీళ్ళలో ముంచి, దులపడం మరిచిపోయి పట్టుకొని కూర్చున్నాడు.

"సీసా పారేసింది నేనే మస్తాన్," అన్నాడు.

మస్తాన్ చేతిలో నిమ్మకాయ ఆగింది. "మరి పోయిందేమి నీకు? మనిషి ఉండాది కదా."

"మనిషి ఉండాది," అన్నాడు పిల్లప్ప. "పోయింది చందాపుర సైటు. తూర్పు ముఖం, ముప్పై అడుగులకు నలభై, మొత్తం పన్నెండు వందల చదరపు అడుగులు."