దాపరికం లేని కుట్టుగది

మా బావ ఏ భవనం గీయాలన్నా ముందు దానికి ఒక మాట వెతుక్కునేవాడు. ఆ మాట దొరికేదాకా పెన్సిలు ముట్టుకోడు. దొరికాక భవనాన్ని పట్టించుకోడు. ఆర్కిటెక్చరు కాలేజీలో దాన్ని ఐడియా అంటారట.

రెండో ఏడు బస్‌స్టాపు గీయమన్నారు. బావ ఐడియా ‘నిరీక్షణ’. నెత్తిన నీడ ఉంటే మనిషి ఎదురుచూడటం మానేస్తాడని కప్పు తీసేశాడు. కూర్చోనిస్తే నిరీక్షణ కాస్తా విశ్రాంతి అయిపోతుందని బెంచీ కూడా తీసేశాడు. చివరికి ఒక స్తంభం మిగిలింది. దానికీ కరెంటు స్తంభానికీ తేడా ఏమిటంటే, కరెంటు స్తంభానికి ఏదో ఒక పని ఉంటుంది. మూడో ఏడు గ్రంథాలయం. ఐడియా ‘బరువు’. చదువు మనిషిని కుంగదీయకూడదు కాబట్టి పుస్తకాలన్నీ నేలమాళిగలోకి పోయాయి. పైన పెద్ద ఖాళీ హాలు.

“పుస్తకం కావాలంటే ఎవరు దిగి తేవాలి బావా?” అని అడిగాను.

“చూశావా, నీకు కూడా ప్రశ్న పుట్టింది. నాకు కావలసింది అదే” అన్నాడు.

నాలుగో ఏడు ఆసుపత్రి. ఐడియా ‘ప్రయాణం’. వార్డుకీ మరుగుదొడ్డికీ మధ్య మెలికలు తిరిగే పొడుగాటి వసారా పెట్టాడు. రోగి అందులో నడుస్తూ నడుస్తూ తన ఒంటిని తాను తెలుసుకుంటాడట.

“తెలుసుకునేలోపే దారిలో అయిపోతుంది బావా.”

“నువ్వు ఊళ్ళో బడికెళ్ళినదానివి. నీకు అర్థం కాదులే మరదలా” అన్నాడు.

అన్నిటికీ మంచి మార్కులే వచ్చాయి.

నేను మా ఊరి బళ్ళో చదువు ముగించి, కుట్టుపని నేర్చుకోవడానికి మేనత్త ఇంటికి వచ్చాను. గీత మీద తిన్నగా కత్తిరించగలను కాబట్టి బావ నమూనాలకి అట్టలు కోసే పని కూడా నాకే పడింది. కోస్తూ కోస్తూ ఒకటి గమనించాను. నమూనా పక్కన అంటించే అట్టబొమ్మ మనుషులు ఎప్పుడూ నిలబడే ఉంటారు. చేతిలో సంచీ ఉండదు, చంకలో పిల్ల ఉండదు, ఎవరికీ మోకాళ్ళ నొప్పులుండవు. బావ గీసే ఇళ్ళన్నీ వాళ్ళకోసమే.

అత్త మామూలుగా నోరున్న మనిషి. గుడ్డ కత్తెరతో నేను కాగితం ముక్క కత్తిరిస్తే పదును పోతుందని ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తుంది. అదే కత్తెరతో బావ థర్మోకోల్ కోస్తుంటే “మెల్లగా నాన్నా, వేలు తెగుతుంది” అంటుంది. అత్తలో నాకు నచ్చని గుణం అదొక్కటే. అదే అన్నిటికన్నా పెద్దది కూడా.

మామయ్య లారీలో సరుకు వేసుకుని పోతే మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలియదు. వచ్చినా నిద్రపోవడానికే వస్తాడు. ఇల్లు గడిచేది అత్త కుట్టు మీద. ఇంటి ముందుగదే దుకాణం. వీధివైపు గోడకి కిటికీ, కిటికీ కింద కుట్టుమిషను, పక్కన ఇస్త్రీ బల్ల. గదికి అడ్డంగా ఒక చెక్క తడిక, దాని వెనక నిలువుటద్దం. కొలతలు తీసేది అక్కడే. నడుం పెరిగినవాళ్ళు, బిడ్డకి పాలిస్తున్నవాళ్ళు, ఆపరేషను మచ్చ కనపడకూడదనేవాళ్ళు ఆ తడిక వెనక్కి వెళ్ళాకే నోరు విప్పుతారు. అత్త టేపు చుడుతూ అన్నీ వింటుంది. ఒక్క మాట కూడా తడిక దాటనివ్వదు. ఊళ్ళో వేరే దర్జీలు లేక కాదు, అందుకనే అత్త దగ్గరికి వచ్చేవాళ్ళు.

చివరి ఏడు కాలేజీవాళ్ళు కొత్త మెలిక పెట్టారు. ఈసారి అట్టతో కుదరదు, నిజమైన గదిని మార్చి చూపించాలి, అందులో పనిచేసే మనిషి పరీక్షకి వచ్చినవాళ్ళతో మాట్లాడాలి. బావ చూపు ముందుగది మీద పడింది.

“దాపరికం” అన్నాడు భోజనం దగ్గర కూర్చుని.

అత్త చేతిలో గరిటె ఆగిపోయింది. “ఏం దాచాంరా?”

“అది ఐడియా అమ్మా. బట్ట ఒంటిని దాస్తుంది. తడిక మనిషిని దాస్తుంది. గోడ ఇద్దర్నీ దాస్తుంది. ఇన్ని దాపరికాలెందుకు? నీ పనిని వీధికి చూపిద్దాం. వీధిని నీకు చూపిద్దాం.”

“వీధి నాకు కిటికీలోంచి కనపడుతూనే ఉందిగా నాన్నా.”

“అది చూడటం కాదు, తొంగిచూడటం.”

అత్త నావైపు తిరిగింది. “కొలతలెక్కడ తియ్యాలో కనుక్కోవే” అంది, బావ పక్కనే లేనట్టు.

“ఎక్కడైనా!” అన్నాడు బావ చేతులు బార్లా చాపి.

అత్త నాకు వంట సరిగ్గా రాదని కాసేపు తిట్టింది.

గోడ పడగొట్టారు. తడిక పీకేశారు. గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను కొనుక్కోవాలని అత్త దాచుకున్నదంతా నేల నుంచి కప్పుదాకా గాజు పలకకి పోయింది. గది మధ్యలో తెల్లటి దిమ్మె ఒకటి కట్టించి దాని మీదికి మిషను ఎక్కించాడు బావ. ముడతలు పడటం బట్ట స్వభావమని ఇస్త్రీ బల్లని పెరట్లోకి నెట్టించాడు. ట్యూబులైటు తీసేసి, కాగితపు బుడ్డిలో గుడ్డి దీపం వేలాడదీశాడు. చీకటి పడ్డాక సూదిలో దారం ఎక్కించాలంటే అత్త దిమ్మె దిగి వీధి దీపం కిందికి నడిచేది. అలా వెళ్ళడం చూసి బావ, “చూశావా, గదికీ వీధికీ సంబంధం ఏర్పడింది” అన్నాడు.

మొదట వచ్చింది పక్కవీధి ఆసుపత్రిలో పనిచేసే నర్సు. గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఏంటక్కా ఇది? చేపల తొట్టిలా ఉంది.”

“మావాడి ప్రాజెక్టు” అంది అత్త. గొంతులో గర్వం కూడా ఉంది, దాన్ని నేను కొట్టిపారేయలేను.

“బాగుంది. ఇంతకీ నన్నెక్కడ నిలబెడతావు?”

అత్త దిమ్మె చూపించింది. నర్సు గాజులోంచి బయటికి చూసింది. ఎదురుగా బస్సు ఆగి ఉంది. కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళంతా లోపలికే చూస్తున్నారు.

“దాని మీద నిలబడితే నా నడుం కొలత కండక్టరుకి కూడా వచ్చేస్తుంది.”

“కాసేపు కళ్ళు మూసుకోవే.”

“నేను మూసుకుంటే వాళ్ళకి కనపడదా అక్కా? గోడ కట్టాక కబురుపెట్టు, పరిగెత్తుకుంటూ వస్తా.”

వెళ్ళిపోయింది. తరవాత వచ్చినవాళ్ళు అంతసేపు మాట్లాడనైనా మాట్లాడలేదు.

పరీక్ష చేయడానికి బయటి కాలేజీ నుంచి ఒక పెద్ద మేడమ్ వచ్చింది. వెంట ఇద్దరు సార్లు ఆమె ఎటు తలతిప్పితే అటు తిప్పుతూ వచ్చారు. మేడమ్ గాజు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది. ఆ వేలిముద్రలు తరవాత నేనే తుడిచాను.

“గోడ తీసెయ్యడానికి ధైర్యం కావాలి” అంది చివరికి. సార్లిద్దరూ అవునన్నారు. పక్కవాళ్ళ గోడ విషయంలో ఎవరికైనా ధైర్యం వస్తుంది.

తరవాత అత్తని అడిగింది: “చెప్పండమ్మా. ఈ గదిలో మీకేమనిపిస్తోంది?”

అందరూ అత్తవైపు చూశారు. దుకాణం ఖాళీగా ఉందని, కుట్టడానికి వచ్చిన బట్టలు వేసే అట్ట పెట్టెలో ఒక్క గుడ్డ ముక్క కూడా లేదని చెప్పడానికి అదొక్కటే సమయం. అత్త కొంగు సర్దుకుని, మూడు రోజులుగా బావ బట్టీ పట్టించింది అప్పజెప్పింది. “తేలిగ్గా ఉంది మేడమ్. నేనూ వీధీ ఒకటే అనిపిస్తోంది.”

మేడమ్ కళ్ళు చెమర్చాయి. నాకు అత్త మొహం చూడబుద్ధి కాలేదు.

బావకి కాలేజీ మొత్తంలో మొదటి స్థానం ఇచ్చారు. గదిని ఎగ్జిబిషన్లో పెడతారట, జనాన్ని తీసుకొచ్చి చూపిస్తారట. “అప్పటిదాకా ఏమీ మార్చొద్దు. మారిస్తే నా మార్కులు నేను వెనక్కి తీసుకుంటాను” అని మేడమ్ నవ్వుతూ చెప్పి వెళ్ళింది. బావ ఆ నవ్వుని లెక్కలోకి తీసుకోలేదు. గాజుకి పరదా కడదామని నేను అన్నందుకు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నాకు హాయిగా ఉండింది.

“ఎందుకలా చెప్పావత్తా?” అని అడిగాను.

“వాడి ఐదేళ్ళ చదువే పిల్లా.”

“మరి నీ కొట్టు?”

“వస్తార్లే. ఎక్కడికి పోతారు?”

వాళ్ళకి పోవడానికి చాలా చోట్లున్నాయి. మిషనుని వంటింట్లోకి దించుకున్నాం. పొయ్యికీ గిన్నెల అలమారాకీ మధ్య అత్త కుడుతుంటే నేను పొయ్యి ఆర్పేసి కూర్చునేదాన్ని. అయినా కొత్త గుడ్డలకి తాలింపు వాసన పట్టేసింది. పెరటి సందులో మురుగుకాలవ దాటి వచ్చే ఓపిక ఎవరికుంటుంది? ఒకరిద్దరు వచ్చారు, ముక్కు మూసుకుని వెళ్ళారు. రెడీమేడ్ కొట్టాయన అత్తకి కబురుపెట్టాడు: మెట్ల కింద చోటిస్తాడు, ప్యాంట్లు పొట్టి చేసుకుంటూ కూర్చోవచ్చు. బావ పుట్టకముందు నుంచీ అత్తకి సొంత కొట్టుంది. అయినా కాదనలేదు. నెలాఖరుకి చెబుతానంది.

ఇటు ముందుగదిలో బావ తన జూనియర్లకి ఖాళీ దిమ్మె చూపించి, “వ్యాపారం తనంతట తానే ఇక్కణ్ణించి తప్పుకుంది, గమనించారా?” అంటున్నాడు. వాళ్ళు గమనించి రాసుకుంటున్నారు.

నెలాఖరు ఇంకా రాకముందే ఒక మధ్యాహ్నం పెరటి తలుపు చప్పుడైంది. తీస్తే పెద్ద మేడమ్. మురుగుకాలవ దాటేటప్పుడు ఎత్తిపట్టుకున్న గౌను అంచు ఇంకా చేతిలోనే ఉంది. చంకలో నీలం రంగు గుడ్డ.

“ఎగ్జిబిషన్లో నేను మాట్లాడాలి. మీ అబ్బాయి చొక్కా కుట్టు చూశాను, చాలా శుభ్రంగా ఉంది. దీంతో ఒక గౌను కుట్టి పెడతారా?”

“అయ్యో, దానికేం మేడమ్. ముందు నుంచి రాలేదేం?” అంది అత్త.

“అటు బాగా ఎండగా ఉంది.”

ఆ రోజు పొద్దుటి నుంచీ మబ్బు పట్టి ఉంది.

అత్త చేతులు కడుక్కుని, తుడుచుకుని, టేపు మెడలో వేసుకుంది. అక్కడే కొలతలు తీసేస్తుందనుకున్నాను. కానీ ముందుగదివైపు నడిచింది.

“రండి మేడమ్.”

“ఇక్కడే కానిద్దామమ్మా. నాకేం ఇబ్బంది లేదు.”

“ఇది వంటిల్లు మేడమ్. మీరు మార్కులు వేసింది ఆ గదికి.”

అందులో ఎత్తిపొడుపు ఏమీ వినపడలేదు. కొత్తగా వచ్చిన ఎవరితోనైనా మాట్లాడేటంత మర్యాదగానే అంది. మేడమ్ వెనకే వెళ్ళాల్సి వచ్చింది. దిమ్మె ఎక్కి నిలబడింది. ఎదురుగా ఎవరో సైకిలాపి, గాజులో తల దువ్వుకుంటూ, గాజు వెనక మనిషి ఉందని చూసి దువ్వుకోవడం ఆపి, అక్కడే ఉండిపోయాడు.

“గౌను మీది పైకోటు తియ్యండి మేడమ్. దాని మీంచి కొలిస్తే గోనెసంచీలా వస్తుంది.”

మేడమ్ తియ్యలేదు. ముందున్న గుండీ పెట్టుకుంది. “ఏదైనా… అడ్డం పెట్టకూడదా?”

“మార్చొద్దన్నారుగా మేడమ్.”

“అది వేరమ్మా. అది ప్రాజెక్టు.”

మాటలు విని బావ మేడ మీంచి దడదడ దిగి వచ్చాడు. “మేడమ్! మీరే స్వయంగా ఈ స్థలాన్ని అనుభవిస్తున్నారా! కదలకండి, ఒక్క ఫోటో…”

“ఫోటో తీశావంటే ఫెయిల్ చేస్తాను. పోయి దుప్పటి తీసుకురా!”

బావ ఫోను దించాడు. “కానీ మేడమ్, దాపరికం…”

“దుప్పటి!”

బావ వెళ్ళాడు. అత్త టేపుని రెండు చేతులా పట్టుకుని నిలబడింది కానీ మేడమ్ మీద చెయ్యి వెయ్యలేదు.

“దుప్పటితో ఈ పూట గడుస్తుంది మేడమ్. రేపు నాకు తడిక కావాలి, గాజుకి పరదా కావాలి. ఎగ్జిబిషనున్నా లేకపోయినా అవి ఉంటాయి. మార్కులు తగ్గవని మీరొక్క మాట చెబితే వాడు అడ్డుపడడు.”

మేడమ్ సైకిలు మనిషిని చూసింది. అతనికి తోడు ఇంకొకడు చేరాడు.

“తగ్గవు” అంది.

“కాస్త గట్టిగా చెప్పండి మేడమ్. వాడు లోపలున్నాడు.”

“తగ్గవు!”

మేడమ్ అరిచిన అరుపుకి సైకిలు మనిషి పెడలు మీద కాలేశాడు. అత్త ఆ మాట పరీక్ష రోజునే అడిగి ఉంటే ఇంత ఉండేది కాదు. ఆ కోపం నాకు ఇంకా ఉంది. అయినా తాడు తెచ్చి, తలుపు గొళ్ళేనికీ గదిలో ఉన్న గుడ్డల అలమారా పిడికీ బిగించి కట్టాను. బావ ఇచ్చిన దుప్పటి దాని మీద వేశాను. లోపల మేడమ్ కోటు గుండీలు విప్పుతున్న చప్పుడు, బిగబట్టుకున్న కడుపు వదిలేసి గాలి పీల్చుకున్న చప్పుడు వినిపించాయి. ఇదివరకు తడిక వెనక్కి వెళ్ళిన ఆడవాళ్ళందరిలాగే, ప్రసవం తరవాత నడుం ఎలా పెరిగిందో అత్తకి చెప్పడం మొదలుపెట్టింది.

బావ దుప్పటి ముందు నిలబడి జేబులోంచి పెన్సిలు తీశాడు. కాసేపు ఇటూ అటూ తిరిగాడు.

“మేడమ్, మరి ఈ తడికకి ఐడియా ఏమని రాయమంటారు?”

 బావ పెన్సిలు పట్టుకుని ఎదురుచూశాడు.

“చేతులు పైకెత్తండి మేడమ్” అంది అత్త.