క్లిక్ పడేదాకా

సినిమా స్కూలుకు నేను అప్లికేషన్ పెట్టడం అది మూడోసారి, ఆఖరిసారి కూడా. ముప్పై దాటితే వాళ్ళు తీసుకోరు. నాకు ముప్పై నిండటానికి ఇంకా ఐదు వారాలే ఉన్నాయి. మొదటిసారి "సినిమా ఎందుకు తీయాలనుకుంటున్నారు?" అన్న ప్రశ్నకు నాలుగు పేజీలు రాశాను. రెండోసారి ఒక్క వాక్యం రాశాను. రెండుసార్లూ "విచారిస్తున్నాము" అని ఒకటే ఉత్తరం. మొదటిదాంట్లో నా ఇంటిపేరు కూడా తప్పే.

మా నాన్నది ఫోటో స్టూడియో. స్టూడియో అనగానే ఏదేదో ఊహించుకోకండి. ఒక తెల్ల తెర, ఒక ఎత్తు స్టూలు, రెండు లైట్లు, ఎవరూ ముట్టుకోని ఒక దువ్వెన. నలభై ఏళ్ళుగా ఆయన పాస్‌పోర్టు ఫోటోలు తప్ప ఇంకేమీ తీయలేదు. "గడ్డం దించండి, చెవులు కనపడాలి, నవ్వకండి, ఊపిరి బిగబట్టండి." ఇదీ ఆయన మంత్రం. క్లిక్‌మని చప్పుడయ్యేదాకా స్టూలెక్కిన మనిషి కదలకూడదు. కదిలితే పెళ్ళికొడుకైనా పోలీసైనా తిట్లు తినాల్సిందే. ఆ కొట్టుకు వారసురాలిని నేనేనని ఆయన నమ్మకం. సినిమా నాకు పట్టిన తిక్క అని ఆయన తీర్పు.

ఈసారి రాతపరీక్ష గట్టెక్కాను. రెండో పరీక్షలో ఒక నిమిషం షాట్ తీయాలి, మాటలుండకూడదు. నటుణ్ణి ఎవరికి వారే తెచ్చుకోవాలి. మా బాబాయి కొడుకు వస్తానన్నాడు. తీరా ఆ రోజు పొద్దున ఫోన్ చేసి, డైలాగులు లేని వేషం తనకొద్దన్నాడు. వాడి మొహానికి డైలాగులొకటి! ఫోన్ పెట్టేసి మంచం మీద కూలబడ్డాను. దాచేదేముంది, బావురుమని ఏడ్చాను.

నాన్న గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

"ఎంతసేపే ఆ పరీక్ష?"

"ఒక్క నిమిషం షాట్ నాన్నా."

"నిమిషమేగా. పద. పన్నెండింటికల్లా నేను షట్టరు తీయాలి."

పరీక్ష గదిలో ముగ్గురున్నారు. ఒకాయన బట్టతల ఎడిటరు. ఒకామె కళ్ళజోడు నెత్తిన పెట్టుకున్న ప్రిన్సిపాల్ మేడమ్. మూడో ఆయన నిద్రపోతున్నాడు కాబట్టి ఏం నేర్పుతాడో తెలియలేదు. చీటీ తీశాను. "ఒక మనిషికి చెడ్డ వార్త తెలిసింది" అని ఉంది. నాన్నను కుర్చీలో కూర్చోబెట్టి చేతికి ఒక కాగితం ఇచ్చి, "ఇది ఉత్తరం. చదివి బాధపడు నాన్నా" అన్నాను. నా దర్శకత్వం అంతటితో సరి.

"యాక్షన్!"

నాన్న ఉత్తరం వైపు చూశాడు. గడ్డం దించాడు. చెవులు కనపడేలా తల సర్దుకున్నాడు. ఊపిరి బిగబట్టాడు. ఇక అంతే, రెప్ప కూడా వేయలేదు. నలభై సెకన్లకు మొహం కందగడ్డలా అయింది, మెడ మీద నరం లేచింది. ఎడిటరు ముందుకు వంగాడు. నిద్రపోతున్నాయన కూడా లేచి కూర్చున్నాడు.

"కట్," అన్నాను. నాన్న కదల్లేదు. "కట్ నాన్నా!" ఊహూఁ. అప్పుడు వెలిగింది నాకు. ఆయన క్లిక్ కోసం చూస్తున్నాడు. ఈ వీడియో కెమెరాకు ఆ చప్పుడే లేదు. చిన్నప్పటినుంచీ ఆయన పక్కన లైటు పట్టుకుని నిలబడ్డదాన్ని, ఆ ముక్క ముందే చెప్పాలన్న జ్ఞానం లేకపోయింది. నాలుకతో టక్కుమనిపించాను. నాన్న ఒక్కసారిగా ఊపిరి వదిలాడు. ఆ గాలికి ఉత్తరం ఎగిరి బల్ల కింద పడింది.

"అద్భుతం," అన్నాడు ఎడిటరు. "ఆ వార్తకి మనిషి ఊపిరే ఆగిపోయింది. ఎలా రాబట్టావమ్మా?"

సీటు చేతికందేలా ఉంది. గొంతు సవరించుకున్నాను. "ఏ చీటీ వచ్చినా పనికొచ్చేలా మూడు వారాలు రిహార్సల్ చేశాం సార్. ముందుగా పాత్ర బాల్యం గురించి..."

"రిహార్సలా పాడా!" అన్నాడు నాన్న. "క్లిక్ పడలేదని ఆగానండీ. ఇంకాస్తయితే పోయేవాణ్ణి."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మేడమ్ కళ్ళజోడు ముక్కు మీదికి దించింది. "పోనీ మీరే చెప్పండి. మీ అమ్మాయికి సీటిమ్మంటారా?"

అయిపోయింది అనుకున్నాను. అడిగి అడిగి ఈయన్నా అడగడం!

నాన్న లేచి చొక్కా సర్దుకున్నాడు. "నిజం చెప్తానండి. దీని పని బాగోదు. నవ్వొద్దని చెప్పవే తల్లీ అంటే, స్టూలెక్కిన వాళ్ళతో కబుర్లు మొదలెడుతుంది. వాళ్ళు పళ్ళికిలిస్తారు. సరిగ్గా అప్పుడే నొక్కుతుంది. నవ్వు మొహం చెల్లదని ఆఫీసువాళ్ళు వెనక్కి పంపుతారు. నేను మళ్ళీ తీసిస్తాను. కానీ వాళ్ళు ఆ చెల్లని ఫోటో పారేయరండి. ఇంటికి పట్టుకుపోయి గోడకు తగిలించుకుంటారు." వంగి బల్ల కింద పడ్డ ఉత్తరం తీశాడు. "నలభై ఏళ్ళలో నేను తీసింది ఏ గోడ మీదా చూడలేదు. ఇది మా కొట్టుకు పనికిరాదండి. మీరే ఉంచుకోండి."

ఆ రోజు రెండోసారి ఏడ్చాను.

సీటొచ్చింది. కానీ స్కూల్లో పేరు మాత్రం నాన్నకొచ్చింది. అక్కడ రెండు కథలు రాస్తే ఒకదాంట్లో ఎవడో ఒకడు చావాల్సిందే. కదలకుండా పడుకునే మనిషి దొరికితే పిల్లలు వదులుతారా? మొదటి ఏడాదిలోనే నాన్న పదకొండుసార్లు శవమయ్యాడు. మధ్యాహ్నం కొట్టు మూసి, అన్నం డబ్బా పట్టుకుని వచ్చి, చచ్చి, నాలుగింటికల్లా వెళ్ళిపోయేవాడు. ఒకటే చిక్కు. ఎవరు కట్ చెప్పినా లేవడు. వాళ్ళెంత టక్కుమనిపించినా అది తన కెమెరా చప్పుడు కాదని ఆయన పట్టు. దాంతో ఎవరో ఒకరు నా క్లాసుకు పరిగెత్తుకొచ్చి, "మీ నాన్న లేవట్లేదు, త్వరగా రా," అనేవాళ్ళు. నేను వెళ్ళి టక్కుమనిపిస్తే గానీ లేచేవాడు కాదు.

చివరి పరీక్షకు నా సినిమా తీశాను. శవం ఎవరో వేరే చెప్పక్కర్లేదు. మెడదాకా దుప్పటి కప్పాం. షాట్ బాగా వచ్చింది. "కట్," అన్నాను. అందరూ నా వైపు చూశారు. కెమెరాలో ఆ మొహం చూస్తుంటే, ఒక రోజు నేనెంత టక్కుమనిపించినా ఈయన లేవడని తెలిసింది. చచ్చేంత భయమేసింది. నోరు తడారిపోయి నాలుక ఆడలేదు.

నాన్న ఒక కన్ను తెరిచాడు. క్లిక్ పడకుండా ఆయన కదలడం అదే మొదలు.

"ఏమే, క్లిక్ కొట్టు త్వరగా. ఊపిరాడట్లేదు." నా మొహం చూసి ఏమనుకున్నాడో, నవ్వాడు.

కెమెరా ఇంకా తిరుగుతూనే ఉంది. శవం నవ్వితే చెల్లదని, ఆ ముక్క తీసేయమన్నాడు ఎడిటరు సార్. తీసేశాను. అందులోంచి ఒక ఫోటో వేయించాను. అది మా స్టూడియో గోడ మీదుంది.