జింకల దారికి షట్టర్లు

కొత్త రోడ్డు మీద చూడి జింక చచ్చి పడి ఉంది. లారీ గుద్దిన దెబ్బకు పొట్ట చీలి, కళ్లు తెరవని పిల్ల తారు మీదికి జారింది. ఈగలు ముసురుతున్నాయి. కంట్రాక్టరు దాన్ని బూటుతో తోసి చూసి, పొక్లెయిన్ డ్రైవరు వైపు తిరిగాడు.

"తనిఖీకి అధికారులు వస్తున్నారు. ఈలోగా గొయ్యి తీసి పూడ్చెయ్."

జంతువులు అడవిలో ఇటు నుంచి అటు పోవడానికి రోడ్డు కింద సొరంగాల్లాంటి దారులు కట్టింది డ్రైవరూ అతని తోటివాళ్లే. కట్టీ కట్టకముందే కంట్రాక్టరు వాటికి రెండు వైపులా షట్టర్లు బిగించి సిమెంటు గోడౌన్లు చేసుకున్నాడు. పైన జింక బొమ్మ బోర్డు మాత్రం నిగనిగలాడుతోంది. వాటి ఎదుటే కూలీలకు రేకుల షెడ్లు వేశాడు. దారి మూసుకుపోయిన ఎలుగుబంటి ఒకటి షెడ్ల మధ్య నుంచి పోబోయి, అడ్డొచ్చిన డ్రైవరు బావను చీరేసింది. బావ ఇంకా మంచం మీదే చీము వాసన కొడుతూ మూలుగుతున్నాడు.

"పూడ్చెయ్, పీడా పోతుంది," అన్నాడు తాపీ మేస్త్రి. "ఇవన్నీ చస్తేగానీ మనకు కంటి మీద కునుకుండదు."

డ్రైవరు అక్క నెత్తిమీది కంకర తట్ట దించింది. "నా మొగుణ్ణి చీరింది ఎలుగే. కాదన్నానా? దాని దారి మూసిందెవడు? ఆ దారిలో మనల్ని పడుకోబెట్టిందెవడు? వాడి సిమెంటు తడవకూడదు. మనం చచ్చినా వాడికి ఒకటే, అది చచ్చినా ఒకటే."

"ఏం చేద్దామంటావక్కా?" అన్నాడు డ్రైవరు.

"షట్టర్లు తీయిద్దాం. షెడ్లు దూరంగా వేయిద్దాం. అప్పటిదాకా తట్ట ఎత్తేది లేదు."

"పనిలోంచి తీసేస్తే?" అన్నాడు మేస్త్రి.

"ఒకళ్లనైతే తీస్తాడు. అందర్నీ తీసేసి రోడ్డు వాడే వేసుకుంటాడా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మేస్త్రి తల గోక్కుని తాపీ కింద పెట్టాడు.

అధికారులు వచ్చారు. పెద్దాయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, బోర్డు కింద నిలబడి ఫొటో తీయించుకున్నాడు.

"గుంపులు గుంపులుగా పోతుంటాయి సార్," అన్నాడు కంట్రాక్టరు, మూసి ఉన్న షట్టరు చూపిస్తూ.

ఆయన షట్టరు వైపు చూస్తూనే తల ఊపాడు. చూడనట్టు నటించే శ్రమ కూడా పడలేదు. డ్రైవరుకు ఉమ్మెయ్యాలనిపించింది.

కూలీలు జింకనూ పిల్లనూ పట్టా మీద మోసుకొచ్చి ఆయన కాళ్ల ముందు దించారు. "ఇది ఏ దారిన పోయిందో అడగండి సార్," అంది అక్క.

డ్రైవరు పొక్లెయిన్ తెచ్చి బకెట్ పళ్లు షట్టరుకు ఆనించాడు.

"దిగరా," అన్నాడు కంట్రాక్టరు.

"తీశాక దిగుతా."

రేకు చీలింది. ఆడా మగా లోపలికి నడిచి, సిమెంటు బస్తాలు చేతులు మార్చుకుంటూ బయటికి దాటించారు. పోలీసులొచ్చి డ్రైవర్ని కాలరు పట్టి లాగారు. అడ్డం వెళ్లిన మేస్త్రికి లాఠీ దెబ్బకు చెయ్యి వాచింది. రెండో చేత్తో బస్తా అందుకున్నాడు. వరుస ఆగలేదు.

"బావ జాగ్రత్త అక్కా," అన్నాడు డ్రైవరు జీపు ఎక్కుతూ.

"నేను చూసుకుంటా. నువ్వు తల దించకు."

జీపు రెండో దారి దగ్గరికొచ్చేసరికి అక్కడి కూలీలు గడ్డపారలతో షట్టరు చుట్టూ మూగి ఉన్నారు.

"వీళ్లకెవరు చెప్పార్రా?" అన్నాడు కానిస్టేబులు.

"చెప్పేదేముంది? వీళ్ల షెడ్లూ అక్కడే ఉన్నాయి," అన్నాడు డ్రైవరు.

జీపు వేగం పెంచింది. ముందు మూడో దారి ఉంది.