అంటించిన సెక్షను

చీటీ వెనక జిగురు పల్చగా పులిమి, పేజీ మీద పెట్టి, మడిచిన గుడ్డతో మధ్యలోంచి అంచులకు ఒత్తింది. బుడగ రాలేదు. ఆ పుస్తకం పక్కన పెట్టి ఇంకోటి తీసింది.

కోర్టు లైబ్రరీలో ఆమె పని ఇదే. పై అంతస్తులో జడ్జీలు ఏదైనా చట్టం రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేస్తే, కింద ఆమె ప్రతి పుస్తకంలోనూ ఆ సెక్షను మీద 'చెల్లదు' అని అచ్చేసిన చీటీ అంటిస్తుంది. లైబ్రేరియన్ పేజీల మధ్య గుర్తుగా దారం పెట్టి ఇస్తాడు. ఏం కొట్టేశారో ఆమె చదవదు. చదువుతూ కూచుంటే జిగురు ఆరిపోతుంది. ఎండిన జిగురు పొరలుగా లేచే ఆ వేళ్లు చూసి అందరూ జిగురక్క అంటారు.

"ఎవరి కొంప ముంచారక్కా ఇవాళ?" అన్నాడు టీ తెచ్చిన అటెండరు.

"ఎవరిదైతే నీకేం? నీ నోటికీ ఒక చీటీ అట్టిపెట్టాను, దగ్గరికి రా."

మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి లైబ్రేరియన్ ఆమె బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఇంకా మీసం సరిగ్గా రాని కుర్రాడు.

"అక్కా, పొద్దుట్నుంచీ మీరు అంటిస్తున్నది... రిటైర్మెంటు వయసు రెండేళ్లు పెంచిన చట్టం."

ఆమె నవ్వబోయి ఆగింది. ఆ చట్టం వచ్చిన రోజు ఆఫీసంతా మిఠాయి పంచింది తనే. ఆ రెండేళ్లలో ఇప్పుడు మొదటిది నడుస్తోంది. కూతురి నర్సింగ్ చదువు సగంలో ఉంది. భర్త పోయాక ఇల్లంతా ఈ జీతం మీదే.

"మరి నేను?"

"పెంచిన గడువులో ఉన్నవాళ్లంతా దిగిపోవాలట. పొద్దున తీర్పు చదివిన క్షణం నుంచే. అప్పుడే చెప్పాల్సింది. నాకు నోరు రాలేదు."

"అయితే పొద్దుట్నుంచీ నేను చేసిందేమిటి?"

అతను అంటించిన పుస్తకాల దొంతరను బల్ల అంచు నుంచి లోపలికి జరిపాడు.

ఆమె పైనున్న పుస్తకం తెరిచి, చీటీ అంచు గోటితో లేపబోయింది. రాలేదు. ఇంకో మూల పట్టుకుంది. అదీ రాలేదు. గీకింది. చూపుడువేలి గోరు విరిగింది.

"వద్దక్కా."

"అమ్మాయికి ఏం చెప్పను బాబూ?"

సంచి భుజానికి తగిలించుకుంది. రోజూ సాయంత్రం చేసినట్టే గుమ్మం దగ్గర ఆగి లైటు ఆర్పేసింది. లైబ్రేరియన్ ఇంకా లోపలే ఉన్నాడు.

కిటికీ గట్టు మీద, ఇందాకే ఆమె కడిగి బోర్లించిన టిఫిన్ డబ్బా కింద నుంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి.