మాస్టారి కోటు, మా అమ్మాయి ఫీజు

నాకు ముక్కు మీద కోపమని మా ఆవిడ అంటుంది. నిజమే. ముప్పై ఏళ్ళుగా ఇదే గదిలో, ఇదే కిటికీ పక్కన కూర్చుని బట్టలు కుడుతున్నాను. కొలతలు తప్పు చెప్పినవాళ్ళనైనా క్షమిస్తాను గానీ, బట్ట ఇచ్చి పూటకోసారి వచ్చి చూసుకునేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండిపోతుంది.

ఆ సోమవారం పొద్దున మా అమ్మాయికి నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చినట్టు ఉత్తరం వచ్చింది. మా ఇద్దరి వైపులా కాలేజీ గడప తొక్కబోయే మొదటి మనిషి అదే. సంతోషంతో మొదటి పేజీ రెండుసార్లు చదివాను. రెండో పేజీలో ఫీజు చూశాక ఆ సంతోషం కాస్తా దిగిపోయింది. శుక్రవారంలోగా కట్టాలి. మా దగ్గర ఉన్నది అందులో సగం కూడా కాదు.

పని మొదలుపెట్టే ముందు మిషను చక్రం మీద చెయ్యి పెట్టి దేవుడితో రెండు ముక్కలు మాట్లాడటం నా అలవాటు. “పిల్లని నువ్వే ఇచ్చావు, సీటూ నువ్వే ఇచ్చావు. మిగతాదీ నువ్వే చూసుకో, నీ మీదే భారం,” అన్నాను. మనసు తేలికపడింది.

పదకొండింటికల్లా మళ్ళీ బరువెక్కింది. మాకు రెండు మిషన్లున్నాయి. రెండోది మా ఆవిడది. అంచులూ కాజాలూ అన్నీ దాని మీదే. ఆవిడకి చెప్పకుండా పాత మిషన్ల వ్యాపారికి ఫోన్ చేసి, బుధవారం వచ్చి దాన్ని చూసి ధర కట్టమన్నాను. మంగళవారం పొద్దున మళ్ళీ దేవుడికి అప్పజెప్పాను. మధ్యాహ్నానికి మళ్ళీ వెనక్కి తీసుకున్నాను.

బుధవారం మాస్టారు వచ్చారు. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పాత విద్యార్థులు శనివారం ఆయనకి సన్మానం చేస్తున్నారు. దానికే కోటు. అప్పటికి రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళారు.

“ఎంతవరకు వచ్చిందయ్యా?”

“వస్తోంది మాస్టారూ.”

“చేతి పొడవు ఎక్కువైనట్టుంది. ఒక్కసారి ఇలా ఇవ్వు.”

నేను మిషను మీద కుడుతున్న కోటు చేతినే పట్టుకుని లాగారు. బట్ట మెలిపడి సూది పుటుక్కున విరిగింది.

నా నోరు ఆగలేదు. “బట్ట నాకు ఇచ్చారా లేదా మాస్టారూ? ఇస్తే వదిలేయండి. లేదంటే తీసుకెళ్ళిపోండి. ఒక కొస మీరు పట్టుకుని లాగుతుంటే నేనెలా కుట్టేది?”

పాపం, ఆయన చిన్నబుచ్చుకుని లేచారు. గుమ్మం దాకా వెళ్ళి, శుక్రవారం సాయంత్రం రమ్మని మెల్లగా చెప్పి పంపించాను. తిరిగొచ్చేసరికి మా ఆవిడ కాజా కుడుతూ తనలో తనే నవ్వుకుంటోంది.

“ఎందుకే ఆ నవ్వు?”

“ఏం లేదు. పైన దేవుడు కూడా మీతో ఇదే మాట అంటూ ఉంటాడు.”

“ఏ మాట?”

“పొద్దున ఇచ్చేస్తారు, మధ్యాహ్నం లాక్కుంటారు. ఆ మిషన్ల ఆయన ఇందాక ఫోన్ చేస్తే నేనే ఎత్తాను లెండి. నాలుగింటికి వస్తాడట.”

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అయినా ఊరుకుంటానా? “అయితే చేతులు ముడుచుకుని కూర్చోమంటావా?”

“నేనెప్పుడన్నాను? ఉన్నంత తీసుకుని కాలేజీ ఆఫీసుకి వెళ్తాను, మిగతాదానికి గడువు అడుగుతాను అని అమ్మాయి నిన్నటి నుంచి మొత్తుకుంటోంది. పరువు పోతుందని ఆపింది మీరే కదా.”

అదీ నిజమే. నేను ఎవరినీ గడువు అడిగి ఎరగను. నా కూతురు ఆ ఆఫీసు కిటికీ ముందు నిలబడి అడగడం ఊహించుకుంటేనే ప్రాణం ఉసూరుమనేది. కొత్త సూది బిగించాను. చక్రం మీద చెయ్యి పెట్టాను. “ఈసారి నా కొస కూడా వదిలేస్తున్నాను,” అన్నాను. వ్యాపారికి ఫోన్ చేసి రావద్దన్నాను. లోపల కాలర్లు ఇస్త్రీ చేస్తున్న అమ్మాయి దగ్గరికెళ్ళి, “రేపు పొద్దున్నే వెళ్ళిరా తల్లీ,” అన్నాను.

గురువారం మధ్యాహ్నం అది చెప్పులు కూడా విప్పకుండా లోపలికి వచ్చేసింది. “మూడు విడతల్లో కట్టొచ్చట నాన్నా. ఆ పద్ధతి ఎప్పటి నుంచో ఉందట. అడిగినవాళ్ళకే ఫారం ఇస్తారట. మొదటి విడతకి మన డబ్బు సరిపోయింది, కట్టేశాను. నువ్వు సంతకం పెడితే చాలు.”

మా ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు?

నేను సంతకం పెడుతుంటే అమ్మాయి నెమ్మదిగా అడిగింది. “రెండో విడత ఎలా నాన్నా? ఆరు నెలలే ఉన్నాయి.”

అలవాటు కొద్దీ నా చూపు మా ఆవిడ మిషను మీదికి పోయింది. ఆవిడ దాని మీద చెయ్యి వేసి నన్నే చూస్తోంది.

“ఆ విడత దేవుడికి ఇచ్చేసిన బట్ట తల్లీ,” అన్నాను. “మన పని మనం చేసుకుందాం. మధ్యలో వెళ్ళి లాగొద్దు.”

అప్పుడే మాస్టారు వీధిలో పోతూ కిటికీలోంచి తొంగి చూశారు. నేను చూశానని తెలిసి గబగబా అడుగులేశారు. నేను లేచి వెళ్ళి పిలిచాను.

“లోపలికి రండి మాస్టారూ. కోటు అయిపోయింది.”

“శుక్రవారం అన్నావు కదయ్యా?”

“అన్నాను. మీరు వదిలేశారు కదా, ఒకరోజు ముందే అయింది.”